బరువుకు బ్రేకు లేదు

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు వచ్చే ప్రతి పత్తి ట్రాలీకీ రెండు పరీక్షలు తప్పవు. మొదటిది తేమ. పత్తిలో మీటరు గుచ్చి చూస్తారు. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. 12 దాటితే భారత పత్తి సంస్థ కొనదు. రెండోది తూకం. సరుకుతో ఒకసారి, ఖాళీ అయ్యాక మరోసారి వేబ్రిడ్జి ఎక్కాల్సిందే. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల వైపు రైస్ మిల్లుల్లో వడ్లకూ ఇదే వరస. ఏ ట్రాలీ ఎంత బరువుతో రోడ్డెక్కి వచ్చిందో కిలోలతో సహా కాగితం మీద ఉంటుంది. అంత బరువును దారిలో ఆపేదేమిటన్న మూడో ప్రశ్న మాత్రం ఏ గేటు దగ్గరా ఎవరూ అడగరు. అడిగితే చాలా ట్రాలీల విషయంలో వచ్చే జవాబు ఒక్కటే: వాటికి బ్రేకులు లేవు.

అరిగిపోయిన బ్రేకుల సంగతి వేరు. ఇక్కడ మొదటి నుంచీ బిగించనే లేదు. ఉత్తర తెలంగాణలో ట్రాలీలు ఎక్కువగా తయారయ్యేది పట్టణాల శివార్లలోని వెల్డింగు షాపుల్లో. ఇనుప ఛానళ్లతో చట్రం, రేకుతో డబ్బా, కింద పాత లారీ యాక్సిల్, సరుకు కుమ్మరించడానికి హైడ్రాలిక్ జాకీ, పక్కలకు రంగులు, దేవుడి పేరు, యజమాని పేరు, ఊరి పేరు. ఆ పనివాళ్ల చేతుల్లో నేర్పుంది. వాళ్లు కట్టిన ట్రాలీ ఏళ్ల తరబడి వడ్లు, ఇటుకలు, ఇసుక మోస్తుంది. కొనేవాళ్లు అడిగేది ఎన్ని క్వింటాళ్లు పడతాయి, జాకీ ఎంత ఎత్తు లేపుతుంది అని. బ్రేకు మాట ఎత్తరు కనుక షాపులో పెట్టరు. పాత యాక్సిల్‌తో పాటు బ్రేకు డ్రమ్ము వచ్చినా, దాన్ని పనిచేయించే గొట్టమో కడ్డీయో ట్రాక్టర్ దాకా రాదు. డ్రమ్ము ఉత్త ఇనుప ముద్దగా చక్రంతో పాటు తిరుగుతుంటుంది.

ఇక మిగిలింది ట్రాక్టర్ బ్రేకు. మన పొలాల్లో తిరిగే 45, 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ బరువు సుమారు 2 టన్నులు. మామూలు టూవీల్ డ్రైవ్ ట్రాక్టర్లలో బ్రేకు పట్టేది వెనక చక్రాలను మాత్రమే. దుక్కికి, గొర్రుకు, రోటావేటర్‌కు అది చాలు. రోడ్డు మీద వెనకాల ఎనిమిది టన్నుల బండిని తగిలించుకున్నప్పుడు చాలదు. ఎంత చాలదో మాటల కంటే లెక్క బాగా చెబుతుంది.

ట్రాక్టర్ 2 టన్నులు, ఖాళీ ట్రాలీ 2 టన్నులు, అందులో 60 క్వింటాళ్ల వడ్లు అనుకుందాం. మొత్తం 10 టన్నులు. రెండు చక్రాల ట్రాలీ అయితే బరువులో కొంత హుక్కు మీద వాలుతుంది కాబట్టి ట్రాక్టర్ వెనక చక్రాల మీద రెండున్నర టన్నుల దాకా పడుతుంది. పొడి తారురోడ్డు మీద ఆ చక్రాలు తమపై ఉన్న బరువులో 60 శాతం మేరకు నేలను పట్టుకుంటాయనుకుంటే, పది టన్నులను ఆపడానికి దొరికే బలం ఒకటిన్నర టన్ను. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో పెడల్ పూర్తిగా తొక్కాక బండి నిలవడానికి 23 మీటర్లకు పైగా పడుతుంది. ప్రమాదాన్ని చూసి కాలు కదిపే ఒక్క సెకనులో గడిచిపోయే 8 మీటర్లు దీనికి అదనం. ట్రాలీ చక్రాలకు కూడా మంచి బ్రేకులుంటే ఆ 23 మీటర్లు ఏడెనిమిదికి దిగుతాయి. బడి ముందు రోడ్డు దాటే పిల్లవాడికి, ట్రాక్టర్‌కు మధ్య ఆ పదిహేను మీటర్లే తేడా.

నాలుగు చక్రాల ట్రాలీ అయితే పరిస్థితి ఇంకా కష్టం. దాని బరువంతా దాని చక్రాల మీదే ఉంటుంది. ట్రాక్టర్ మీద ఏమీ వాలదు. అప్పుడు ట్రాక్టర్ వెనక చక్రాలకు మిగిలేది సొంత బరువులో మూడింట రెండు వంతులు, దాదాపు 1.3 టన్నులు. అదే వేగంలో, అదే చదును రోడ్డు మీద ఆగే దూరం 45 మీటర్లకు చేరుతుంది.

ఇవన్నీ చదును నేల మీది లెక్కలు. పన్నెండు మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో పది టన్నుల బండిని కిందికి గుంజే బలం 830 కిలోలు. రెండు చక్రాల ట్రాలీతో అయితే 23 మీటర్లు 50 దాటతాయి. నాలుగు చక్రాల ట్రాలీతో అయితే పొడి రోడ్డు మీదే బ్రేకు బలం, వాలు గుంజే బలం ఇంచుమించు సమానం. వాన పడో, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల వల్లనో చక్రాల పట్టు సగానికి పడిపోతే రెండు చక్రాల ట్రాలీదీ అదే స్థితి. చక్రాల దొర్లుడులో ఉండే కొద్దిపాటి నిరోధం తోడైనా అది ఆగడానికి వందల మీటర్లు కావాలి. నాలుగు చక్రాలది ఆగనే ఆగదు. ఘాట్ రోడ్డులో అంత తిన్నని దారి ఎక్కడా ఉండదు. ఈ స్థితిలో స్టీరింగు ముందు ఎంత అనుభవం ఉన్న డ్రైవరున్నా చేయగలిగింది లేదు. ప్రమాదం జరిగిన మర్నాడు ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని రాసుకున్నప్పుడల్లా ఈ లెక్కను పక్కనపెట్టే రాస్తున్నాం.

వేడి సంగతి కూడా చూడాలి. పది టన్నుల బండి వంద మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ దిగిందంటే, ఆ దిగుడులో పుట్టే శక్తి 30 లీటర్ల చన్నీళ్లను మరిగించగలిగేంత ఉంటుంది. దాన్ని ఇంజిన్ అయినా మింగాలి, బ్రేకులైనా మింగాలి. ఇంజిన్ మింగాలంటే బండి చిన్న గేరులో ఉండాలి. డీజిల్ మిగులుతుందని వాలులో న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది. ట్రాక్టర్ గేర్లు కార్ల గేర్లలాంటివి కావు. వేగం పుంజుకున్నాక మళ్లీ గేరు పడదు. ఇక మొత్తం వేడి ఒక జత బ్రేకుల మీదికి వస్తుంది. కాలిన లైనర్ల వాసన డ్రైవరుకు తెలిసేసరికి పెడల్ కింద బలం సగం పోయి ఉంటుంది.

ట్రాక్టర్‌కు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. చాలు చివర బండి తిప్పుకోవడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపే లాకు వేయాలి. పొలం నుంచి నేరుగా రోడ్డెక్కే హడావుడిలో అది మరిచిపోతే, అదాటున తొక్కిన కాలు ఒక్క చక్రాన్నే పట్టి ట్రాక్టర్‌ను పక్కకు తిప్పేస్తుంది. వెనక ట్రాలీ దాని వేగంతో అది నెడుతూనే ఉంటుంది. ‘ట్రాలీ నెట్టేసింది’ అని డ్రైవర్లు చెప్పేది దీన్నే. నెట్టుడుకు ట్రాక్టర్ అడ్డం తిరిగి, ట్రాలీకి మధ్య మడత పడి, బోల్తా కొడుతుంది. లాకు వేసి ఉన్నా వెనక చక్రాలు బిగుసుకుని జారితే జరిగేది ఇదే. పంట కాలువ గట్ల మీద, కల్వర్టుల దగ్గర ట్రాక్టర్ బోల్తా పడిన వార్తలను ఈ దృష్టితో చదివితే చాలావాటి వెనక ఈ నెట్టుడు కనబడుతుంది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో ఎనిమిది జిల్లాలయ్యాయి. నేల స్వభావం మారలేదు. ఆసిఫాబాద్, ఉట్నూరు మధ్య కెరమెరి ఘాట్ ఉంది. నిర్మల్ దాటాక పాత జాతీయ రహదారిపై మహబూబ్ ఘాట్ ఉంది. జైనూరు, నార్నూరు, ఇంద్రవెల్లి గూడేల నుంచి పత్తి దిగేది ఇలాంటి ఎత్తుపల్లాల మీదుగానే. లూజు పత్తి బరువు తక్కువే అయినా డబ్బా పైన కట్టెలు కట్టి, పట్టాలు చుట్టి మనిషికి రెండింతల ఎత్తు పేరుస్తారు. మలుపులో అది ఒరుగుతుంది. దిగువన గోదావరి, మానేరు పరీవాహకంలో బరువుదే అసలు సమస్య. ఒక ట్రాలీకి మూడు ఘనమీటర్ల ఇసుకంటే దాదాపు 5 టన్నులు. 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరూ అంతే. పైగా సగం నిండిన ట్యాంకరులో బ్రేకు తొక్కగానే నీళ్లు ముందుకు కొట్టుకొచ్చి ట్రాక్టర్‌ను మరోసారి తోస్తాయి. పెద్దపల్లి చుట్టుపక్కల బట్టీల ఇటుకలు, యాసంగి వడ్లు, రాత్రిపూట ట్రిప్పుల లెక్కన పరుగెత్తే ఇసుక, అన్నీ జాతీయ రహదారులు 63, 563, 44 మీదికి, రాజీవ్ రహదారి మీదికి వచ్చి చేరతాయి. ఆ రోడ్లు వెడల్పయ్యాయి; కార్ల వేగం వంద దాటింది. ట్రాలీ మాత్రం పాత ట్రాలీయే.

ఘాట్ దిగేటప్పుడు బరువు ఏం చేయగలదో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్లలో ఒకే వీధిలో రెండు మూడు పాడెలు లేచాయి. ఆ తర్వాత బస్సు కండిషన్ మీద, కిక్కిరిసిన ప్రయాణికుల మీద, ఆ దారి ఎంపిక మీద చాలా చర్చ జరిగింది, జరగాల్సిందే. కానీ బస్సుకు అన్ని చక్రాలకూ బ్రేకులుంటాయి. డిపో ఉంటుంది, మెకానిక్ ఉంటాడు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది. ఇన్ని ఉన్న చోటే అంత ఘోరం జరిగితే, ఇవేవీ లేని ట్రాలీలో మనుషుల్ని ఎక్కించి పంపడాన్ని ఏమనాలి? అదే 2018లో ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. మొదటిదాంట్లో 9 మంది, రెండోదాంట్లో 15 మంది మరణించారు. దాదాపు అందరూ కైకిలికి పోతున్న ఆడవాళ్లు. ఆ రెండు ప్రమాదాలూ బ్రేకు లేకే జరిగాయని నేననడం లేదు. సరుకు కోసం కట్టిన డబ్బాలో, సొంతంగా ఆగలేని బండిలో, కాలువ గట్టు మీద మనుషులు పోతున్నారన్నది మాత్రం నిజం. నాట్ల కాలంలో, కలుపుల కాలంలో కరీంనగర్ పల్లెల్లో ఏ పొద్దున చూసినా కనబడేదీ అదే.

విచిత్రమేమంటే, బరువు వెనక్కి జారితే, ముందుకు నెడితే ఏం చేయాలో ఈ నేలకు చాలాకాలంగా తెలుసు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గుబావుల్లో పనిచేసిన పాత కార్మికుణ్ని ఎవరినైనా కదిపి చూడండి. భూగర్భ గనిలో ఏటవాలు దారి మీద రోప్ లాగే బొగ్గు టబ్బులు తెగిపోయి కిందికి దూసుకొస్తే ఎలా ఉంటుందో చెబుతాడు. అందుకే గనుల నిబంధనలు టబ్బుల దారిలో స్టాప్ బ్లాకులు ఉండాలంటాయి. తప్పించుకున్న టబ్బును పక్కదారి పట్టించే రన్ అవే స్విచ్‌లు ఉండాలంటాయి. పైకి పోయే టబ్బుల వరసలో చివరిదాని వెనక బ్యాక్ స్టే కట్టాలంటాయి. టబ్బులు వెనక్కి జారబోతే ఆ కడ్డీ నేలలో దిగబడి నిలువరిస్తుంది. ఓపెన్ కాస్టుల్లో డంపర్లు తిరిగే దారి వాలు మామూలుగా పదహారుకు ఒకటి మించకూడదు. షిఫ్టులో బండి తీసే ముందు డ్రైవరు బ్రేకు పరీక్షించుకోవాలి. ఈ నిబంధనలు పుస్తకాల్లోంచి ఊడిపడలేదు. ఒక్కో ప్రమాదం తర్వాత, ఒక్కో ప్రాణం పోయాక చేరిన వాక్యాలవి. సింగరేణి గని గేటు లోపల పదహారుకు ఒకటి వాలును దాటనివ్వని చట్టం, గేటు దాటిన మరుక్షణం పన్నెండుకు ఒకటి వాలులో బ్రేకులేని ట్రాలీని చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. లోపలి కార్మికుడి ప్రాణానికి, బయటి కూలీ ప్రాణానికి ఈ తేడా ఎందుకుండాలి?

రైళ్ల చరిత్రలోనూ ఇలాంటి మలుపు ఒకటుంది. ఐర్లండ్‌లోని ఆర్మా పట్టణం నుంచి 1889 జూన్ 12న బడిపిల్లలతో విహారానికి బయల్దేరిన రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. కొన్ని పెట్టెలను ముందు లాక్కెళ్దామని సిబ్బంది రైలును విడదీశారు. ఆ రైలు బ్రేకులు ఇంజిన్‌తో కలిసి ఉన్నప్పుడే పనిచేసే రకం. విడదీయగానే వెనక పెట్టెల బ్రేకు వదిలేసింది. గార్డు బోగీ చేతిబ్రేకు, చక్రాల కింద పెట్టిన కంకర రాళ్లు మాత్రమే వాటిని పట్టుకున్నాయి. ముందు భాగం కాస్త వెనక్కి జరిగి తగలగానే రాళ్లు నలిగిపోయాయి. పెట్టెలు వాలులో వెనక్కి దొర్లి, వెనక వస్తున్న మరో రైలును గుద్దాయి. సుమారు 80 మంది చనిపోయారు, చాలామంది పిల్లలు. నిజానికి గొట్టం తెగినా, పెట్టె విడిపోయినా తనంతట తానే పట్టుకునే ఎయిర్ బ్రేకును జార్జి వెస్టింగ్‌హౌస్ 1872 నాటికే తయారుచేశాడు. పదిహేడేళ్ల పాటు ఖర్చు ఎక్కువని రైల్వే కంపెనీలు వాయిదా వేస్తూ వచ్చాయి. ఆర్మా తర్వాత కొన్ని వారాల్లోనే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్లన్నిటికీ అలా తనంతట తానే పట్టుకునే బ్రేకును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఆ కంకర రాళ్ల మాట చదివినప్పుడు నాకు మన రోడ్లే గుర్తొస్తాయి. టైరు పంక్చరైనా, యాక్సిల్ విరిగినా రోడ్డు పక్కన నిలిపిన ట్రాలీ చక్రాల కింద బండరాళ్లు పెడతారు. పార్కింగ్ బ్రేకు లేని బండికి అంతకు మించిన దారి లేదు. మరమ్మతు అయ్యాక ట్రాలీ వెళ్లిపోతుంది. రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. చీకట్లో వచ్చే బైకు వాటికి తగులుతుంది. ట్రాలీ లేని చోట, ట్రాలీ వెళ్లిపోయిన తర్వాత కూడా ఆ లేని బ్రేకు మనిషిని చంపగలదు. ఆ మరణం ఏ లెక్కలోనూ ట్రాలీ ఖాతాలో పడదు.

చట్టం ఎక్కడ తప్పిపోయింది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వ్యవసాయ ట్రాక్టర్‌ను రవాణా వాహనం కాదని నిర్వచించాయి. రైతుకు పర్మిట్ల బాధ, ఏటేటా ఫిట్‌నెస్ తిప్పలు ఉండకూడదన్న ఆ ఉద్దేశం సరైనదే. దుక్కి దున్నే యంత్రానికి లారీ నిబంధనలు పెట్టడం అన్యాయం. అయితే ఆ మినహాయింపు నీడలోకి ఇసుక వచ్చింది, ఇటుక వచ్చింది, కంకర వచ్చింది, నీళ్ల ట్యాంకరు వచ్చింది. ట్రాలీ తగిలించిన ట్రాక్టర్ సరుకు రవాణా వాహనమే అవుతుందని 2005లో నట్వర్ పరీఖ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా కోర్టు తీర్పు రోడ్డు మీద ఇనుముగా మారలేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20 వేల రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరో 2 వేలు. కాగితం మీద ఇది కఠినం. రిజిస్ట్రేషనే లేని ట్రాలీకి అనుమతించిన బరువు ఎంతని రాసుకుంటారు? ఎంత దాటిందని తేలుస్తారు?

దీని దెబ్బ ప్రమాదం తర్వాత మరోసారి తగులుతుంది. వ్యవసాయ పనికని తీసుకున్న పాలసీతో కిరాయి ఇటుకలు మోస్తున్నారని, సరుకు బండిలో మనుషులున్నారని బీమా కంపెనీలు క్లెయిము మీద అభ్యంతరం పెడతాయి. చనిపోయిన కూలీ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి ట్రిబ్యునల్ మెట్లెక్కుతారు. ట్రాక్టర్ యజమాని కూడా చాలాసార్లు రెండెకరాల రైతే. పరిహారం అతని నెత్తిన పడితే ఆ కుటుంబమూ కూలుతుంది.

రైతు మీద మరో ఖర్చా అన్న అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. అప్పు చేసి ట్రాక్టర్ కొన్నవాడిని రోడ్డు మీద ఆపి చలానా రాయడాన్ని నేనూ సమర్థించను. దారికి తెచ్చే పని రైతు దగ్గర మొదలుకాకూడదు. బరువు కొనేవాళ్ల దగ్గర, డబ్బు కట్టేవాళ్ల దగ్గర మొదలుకావాలి. ఈ రాష్ట్రంలో వాళ్లలో అతిపెద్దది ప్రభుత్వమే. తెలంగాణలో ఒక్క ఏడాదిలో సర్కారు కొన్న వడ్లు కోటి టన్నులు దాటిన సందర్భాలున్నాయి. కల్లం నుంచి కొనుగోలు కేంద్రం దాకా వాటిలో అధిక భాగాన్ని మోసింది ట్రాలీలే. పల్లె ప్రగతి కార్యక్రమంలో రాష్ట్రంలోని అప్పటి 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చాలని సర్కారే పూనుకుంది. ట్రాలీకి, ట్యాంకరుకు సొంత బ్రేకు ఉండాలన్న ఒక్క షరతు అలాంటి కొనుగోళ్లలో ఉంటే వెల్డింగు షాపులన్నిటికీ ఒక నమూనా దొరుకుతుంది, విడిభాగాలకు మార్కెట్ ఏర్పడుతుంది. పంచాయతీ బండికి పెట్టిన బ్రేకును చూసి పక్క రైతు కూడా అడుగుతాడు. పాత ట్రాలీలు మార్చే వేళ, కొత్త ట్యాంకర్లు కొనే వేళ ఆ షరతు ఇప్పటికైనా పెట్టొచ్చు.

సాంకేతికంగా ఇదేమీ అందని పండు కాదు. అన్నిటికంటే చవకైనది ఓవర్‌రన్ బ్రేకు. ట్రాలీ ముందుకు నెట్టినప్పుడు హుక్కు దగ్గరున్న జారుడు కడ్డీ లోపలికి పోయి, ఆ నెట్టుడే ట్రాలీ చక్రాల బ్రేకును పట్టిస్తుంది. ట్రాక్టర్‌కు ఏ మార్పూ అక్కర్లేదు. దానికి లోపాలున్నాయి: రివర్సులో పట్టేస్తుంది, కాబట్టి లాకు కావాలి, పొడవాటి దిగుడులో విడవకుండా ఒరుసుకుంటూ వేడెక్కుతుంది, మరీ పెద్ద బరువుకు చాలదు. బ్రిటన్‌లో 750 కిలోలు దాటిన కారు ట్రైలర్లకు బ్రేకు తప్పనిసరి. అక్కడ ఎక్కువగా వాడేది ఇదే. ఆరేడు టన్నులు మోసే ట్రాలీకి ట్రాక్టర్ హైడ్రాలిక్‌తో నడిచే బ్రేకు కావాలి, లేదంటే చిన్న కంప్రెసర్ బిగించి ఎయిర్ బ్రేకు పెట్టాలి. ఎయిర్ బ్రేకులో రెండు గొట్టాల పద్ధతిని ఎంచుకోవాలి. పిన్ను విరిగి ట్రాలీ విడిపోతే ఒత్తిడి పోయి చక్రాలు వాటంతటవే బిగుసుకుంటాయి. 1872లో వెస్టింగ్‌హౌస్ పట్టుకున్న సూత్రమే అది. లారీల బ్రేకులు విప్పి బిగించే మెకానిక్కులు కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్‌లలో ప్రతి సందులో ఉన్నారు. ట్రాలీకి వేస్తున్న పాత లారీ యాక్సిల్‌కు డ్రమ్ము ఎలాగూ ఉంది. షూలు, లైనర్లు, గొట్టం కొత్తవి పెట్టడమే.

ఆ ఖర్చును వ్యవసాయ యాంత్రీకరణ సబ్సిడీలో కలపాలి. రోటావేటర్‌కు, సీడ్ డ్రిల్లుకు సాయం చేసే పథకం, ఆ రైతు ప్రాణం కాపాడే యాక్సిల్‌కు చేయకపోవడానికి కారణం లేదు. కొత్త ట్రాలీకి బ్రేకు లేకుండా రిజిస్ట్రేషన్ ఉండకూడదు. షాపుల్ని మూయించడం కాక, వాటికి డ్రాయింగులు ఇచ్చి, పాలిటెక్నిక్కుల్లో వారం పది రోజుల శిక్షణ ఇచ్చి, తయారుచేసిన ప్రతి ట్రాలీకీ నంబరు పలక, మోయగల బరువు పలక బిగించే బాధ్యత అప్పగించాలి. ఆ బరువు పలక ఉన్ననాడు వేబ్రిడ్జి కాగితానికి మరో విలువ వస్తుంది. రైతుకు డబ్బు కట్టడానికి తీసిన తూకాన్ని పలకమీది అంకెతో పోల్చి చూస్తే చాలు, ఎక్కడ లోడు మితిమీరుతోందో సీజన్ ముగిసేసరికి జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది. ఏ రోడ్డు మీద, ఏ మిల్లు దారిలో, ఏ నెలలో అన్నది కూడా. ఇందుకు కొత్త సర్వేలు అక్కర్లేదు.

కిరాయికి ఇసుక, ఇటుక, కంకర మోసే ట్రాక్టర్లను మాత్రం వ్యవసాయ మినహాయింపు నుంచి వేరుచేయాలి. వాటికి గడువు పెట్టి బ్రేకు, ఏటా పరీక్ష తప్పనిసరి చేయాలి. ఏడాదిలో రెండు నెలలు సొంత వడ్లు మోసుకునే రైతును, రోజుకు ఎన్ని ట్రిప్పులు తిప్పితే అంత కిరాయి వచ్చే వ్యాపారాన్ని ఒకే కళ్లతో చూడటం వల్లే రెండు పక్కలా అన్యాయం జరుగుతోంది. ముందుగా కదలాల్సింది ఇసుక రీచులకు అనుమతులిచ్చే శాఖే. రీచు గేటు దగ్గర వేబిల్లు ఇచ్చేది అదే కదా.

ఇదంతా జరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు వచ్చే పత్తి సీజన్‌కు, ఆ తర్వాతి యాసంగికి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. హుక్కు పిన్నుకు లాకు, దానికి తోడు ట్రాక్టర్‌కు ట్రాలీకి మధ్య ఒక బలమైన గొలుసు. రెండు పెడళ్లను కలిపే లాకు. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు, దిగుడు మొదలుకాక ముందే. ప్రతి ట్రాలీలో రెండు కట్టె దిమ్మెలు, తాడుతో డబ్బాకే కట్టి, బండితో పాటు తిరిగి వెళ్లేలా. కెరమెరి లాంటి ఘాట్ల పైన దిగుడు మొదలయ్యే చోట నిలిచి బ్రేకు చూసుకోవడానికి కాస్త చదును జాగా, తెలుగులో, గోండిలో, మరాఠీలో పెద్ద అక్షరాల బోర్డు. యార్డు బయట రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా వంతు కోసం కాచుకున్న డ్రైవరు మర్నాడు ఖాళీ ట్రాలీతో ఘాట్ ఎక్కి దిగుతాడు కాబట్టి, యార్డులో వాళ్లు పడుకోవడానికి ఒక షెడ్డు. తేమ మీటరు పట్టుకుని ట్రాలీ దగ్గరికి వచ్చే మనిషి హుక్కు వైపు ఒకసారి వంగి చూడాలి. పిన్నుకు లాకు లేకపోతే సరుకు దించాక వెనక్కి పంపకుండా అక్కడే ఒకటి బిగించి పంపాలి. పిన్ను లాకుల పెట్టె ఒకటి గేటు దగ్గర పెట్టడానికి మార్కెట్ కమిటీ తీర్మానం చాలు. అక్టోబరులోపు ఆ సమావేశం జరగాలి.